మామయ్య కారులో ఎర్ర దీపం

శివరాత్రికి అమరావతి వెళ్ళి, అమరేశ్వరుడి దర్శనం చేసుకుని తిరిగొస్తుంటే, దారిలో మా ఆయన ఉన్నట్టుండి మాట్లాడడం మానేశాడు. అది బుల్లయ్య అనే మనిషికి అలవాటు లేని పని. మిరప ధర గురించో, ఎదురొచ్చే లారీవాడి వంశం గురించో ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. ఏమైందా అని తిరిగి చూస్తే ఆయన కళ్ళు రోడ్డు మీద లేవు, స్టీరింగు వెనకున్న మీటర్ల మీద ఉన్నాయి. అక్కడ రేగుపండంత ఎర్ర దీపం ఒకటి వెలుగుతోంది.

"ఏందయ్యా అది?" అన్నాను.

"ఏం లేదు. హ్యాండు బ్రేకు దించలేదేమో."

హ్యాండు బ్రేకు దించే ఉంది. అయినా ఇంకోసారి లాగి, మళ్ళీ దించాడు. దీపం ఆరలేదు. అద్దం మీద వేలితో టకటకా కొట్టాడు. ఆరలేదు. అప్పుడు కాలితో బ్రేకు నొక్కి చూశాడు. పెడలు రోజూ ఆగే చోట ఆగకుండా ఇంకాస్త లోపలికి పోయింది. నాకు పెడళ్ళ సంగతి తెలియదు గానీ మొగుడి మొహం సంగతి తెలుసు. ఇప్పుడే కదయ్యా కొబ్బరికాయ కొట్టి వచ్చింది, అప్పుడే మరిచిపోయావా అని అమరేశ్వరుణ్ణి మనసులోనే నిలదీశాను.

అక్కణ్ణుంచి ఇంటిదాకా నడకకంటే కాస్త నయంగా వచ్చాం. చొప్ప వేసుకుని పోతున్న ఎడ్లబండి మమ్మల్ని దాటిపోయింది. బండివాడు వెనక్కి తిరిగి, "ఏం బుల్లయ్యా, దొరగారి కారుకి ఎడ్లు కట్టమంటావా?" అని అరిచాడు. మామూలుగా అయితే వాడి ఏడు తరాలూ రోడ్డు మీదికి వచ్చేవి. ఆ రోజు మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

అది మా మామయ్య కారు. గుంటూరులో పొగాకు కంపెనీ దొర ఒకాయన దేశం వదిలి వెళ్ళిపోతూ అమ్మితే కొన్నాడట. ఎర్రటి రంగు, మడిచి పెట్టుకునే గుడ్డ టాపు, నేలకి జానెడెత్తున కూర్చునే రెండంటే రెండు సీట్లు. "ఇందులో ఎరువు బస్తా ఎక్కడ పెడతావయ్యా?" అని ఊరంతా నవ్వితే, "ఎరువుకి ట్రాక్టరుంది, నాకు ఇదుంది" అనేవాడట. పోయేదాకా దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నాడు.

మామయ్య పోయిన ఏడాదికి అన్నదమ్ములు వేరుపడ్డారు. పెద్దవాడు వాటాలు వెయ్యాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి అన్నది మా వైపు పద్ధతి. మా ఆయన పొలాన్ని రెండు వాటాలు చేశాడు. తమ్ముడు కోటేష్ బోరున్న వాటా కోరుకున్నాడు. అంతే, ఇంకేం జరగలేదు. "బోరు తీసుకున్నందుక్కాదే, తీసుకునేటప్పుడు నా మొహం కూడా చూడలా" అని మా ఆయన బాధ. "పంచింది ఆయనే, కోరుకోమన్నది ఆయనే, కోరుకున్నాక మొహం మాడ్చుకున్నదీ ఆయనే" అని కోటేష్ బాధ. ఇద్దరి మాటలూ నిజమే. అందుకే రెండేళ్ళుగా వాళ్ళ మధ్య మాటల్లేవు. ఇంటికి అడ్డంగా గోడ లేచింది. కారుని మాత్రం కోసి పంచడం కుదరదు కాబట్టి, అమావాస్య నుంచి అమావాస్య దాకా ఒకరిది, ఆ పై అమావాస్య దాకా ఇంకొకరిది అని పెద్దమనుషులు తేల్చారు. కారు ఉమ్మడి కొట్టంలో ఉంటుంది. తాళంచెవి కొట్టంలో మేకుకి ఉంటుంది.

వాళ్ళిద్దరూ మాట్లాడుకోకపోతే నాకు పోయేదేమీ ఉండేది కాదు. కానీ కోటేష్ పెళ్ళాం నాగేంద్రం నా సొంత చెల్లెలు. మా అమ్మ పోయేటప్పటికి అది జడ వేసుకోవడం కూడా రాని పిల్ల. ఒకే ఇంట్లో ఉంటామని, మామయ్య వెంటపడి, బతిమాలి, అలిగి, దాన్ని మా మరిదికి చేసుకునేలా చేసింది నేనే. ఒకే ఇంట్లో ఉన్నాం కూడా, గోడ లేచేదాకా. ఆ తర్వాత కూడా గిన్నెలు గోడ మీదుగా తిరుగుతూనే ఉన్నాయి. దాని గోంగూర పచ్చడి మా ఆయన లొట్టలేసుకుంటూ తినేవాడు, ఎవరు చేశారని అడిగేవాడు కాదు. నా చేపల పులుసు కోటేష్ కూడా అలాగే తినేవాడట.

శివరాత్రి మర్నాడు అమావాస్య. కారు చేతులు మారే రోజు. మా ఆయన తాళంచెవి పట్టుకుని ఇంట్లో అటూ ఇటూ తిరిగాడు.

"ఇదిగో, నీ చెల్లెలికి చెప్పు. బ్రేకు దీపం వెలుగుతా ఉంది, పెడలు లోపలికి పోతా ఉంది. బాగు చేయించిందాకా వాణ్ణి ఎక్కొద్దని చెప్పు."

"గోడ అవతలే ఉన్నాడుగా మీ తమ్ముడు. నువ్వే చెప్పు."

"చెప్తావా చెప్పవా?"

గోడ దగ్గరికెళ్ళి నాగేంద్రానికి చెప్పాను. అది లోపలికెళ్ళి కోటేష్‌కి చెప్పింది. కాసేపటికి తిరిగొచ్చి, నవ్వాలో ఏడవాలో తెలియని మొహంతో గోడకి ఆనుకుని నిలబడింది.

"ఏమన్నాడే?"

"వాళ్ళ నెలంతా తిరిగి, మన నెల రాగానే చెడగొట్టి ఇచ్చారా అన్నాడు."

"అంతేనా?"

"అంతే. ఇంకొకటి కూడా అన్నాడక్కా. పోతే పోయిందిలే, ఎట్టాగూ అమ్మేసేదేగా అన్నాడు."

"అమ్మేదేంది?"

నాగేంద్రం తల దించుకుని గోడ పెచ్చు గోళ్ళతో గీరడం మొదలుపెట్టింది. చిన్నప్పటి నుంచీ నాకు చెప్పడానికి భయపడే విషయం ఏదైనా ఉంటే అది అలాగే ఏదో ఒకటి గీరుతుంది. ఈ కోతలు అయిపోయాక రాయచూరు వైపు వెళ్ళిపోతున్నారట. మన వైపు వాళ్ళు అప్పటికే చాలామంది అక్కడ కాలవ కింద పొలాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తున్నారు. కోటేష్ మాట ఇచ్చి వచ్చాడట. ఇక్కడి పొలం ఎవరికో కౌలుకిచ్చి, ఇంటికి తాళం వేసి పోవడమే. కారు అమ్మేస్తే ఆ ఉమ్మడి ఒక్కటీ తీరిపోతుంది.

"హైదరాబాదులో పాత కార్లు పోగేసే ఆయనెవరో ఉన్నాడంట. ఉగాది ముందు వచ్చి చూస్తానన్నాడు. బ్రేకులు బాగుండి, బండి నడిచి వస్తేనే తీసుకుంటాడంట" అంది.

"నువ్వు వెళ్తానన్నావా?"

"నేనేమంటా అక్కా? మొగుడు పోతుంటే నేను ఇక్కడ ఉండి ఏం చెయ్యను?"

నేను లోపలికి వచ్చేశాను. ఎసట్లో బియ్యం పోయడం మరిచిపోయి, ఆ ఉత్త నీళ్ళు మరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. రాయచూరు ఎక్కడుందో కూడా నాకు తెలియదు. మా ఆయనకి చెబితే, "అమ్ముకోమను. నాకేం?" అన్నాడు. ఆ 'నాకేం' అనేటప్పుడు ఆయన గొంతు గోడ అవతలికి వినిపించేలా ఉంది.

మొత్తానికి కారు అమ్మడానికి ఇద్దరూ ఒప్పుకున్నట్టే. అమ్మాలంటే ఆ దీపం ఆరాలి. ఎందుకు వెలిగిందో తెలిస్తే కదా ఆరేది. సత్తెనపల్లి నుంచి మెకానిక్కు బుడే వచ్చాడు. మా వైపు ట్రాక్టర్లన్నీ అతని చేతిలోవే. మనిషి వచ్చాడంటే మాట ముందొస్తుంది, అతను వెనకొస్తాడు.

అన్నదమ్ములిద్దరూ కొట్టంలోకి వచ్చారు. ఒకడు కారుకి ఆ పక్క, ఒకడు ఈ పక్క. ఇద్దరి కారూ కాబట్టి ఇద్దరూ ఉండాల్సిందే. నేను వాకిట్లో తాలు మిరపకాయలు ఏరుతున్నట్టు కూర్చున్నాను. ఏరింది తక్కువ, విన్నది ఎక్కువ.

"దీపం వెలిగిందంటే మొదట హ్యాండు బ్రేకు స్విచ్చే. చూడకుండానే చెప్తా" అన్నాడు బుడే. సీటు పక్కన దూరి, స్విచ్చు తీగ ఊడదీశాడు. దీపం దర్జాగా వెలుగుతూనే ఉంది. "అయితే ఇది కాదు" అని తనే చెప్పిందాన్ని తనే కొట్టేసి, ఇంజను మూత ఎత్తాడు.

బ్రేకు ఆయిలు పోసే చిన్న డబ్బా అంచుదాకా నిండుగా ఉంది. అది చూసి బుడే మొదటిసారి మాట ఆపాడు. వేలు ముంచి వాసన చూశాడు. రెండు వేళ్ళ మధ్య రాశాడు. తర్వాత నా వైపు తిరిగి, "అక్కా, గాజు గ్లాసుతో కాసిని నీళ్ళివ్వండి" అన్నాడు.

తాగడానికి అనుకుని చల్లటి నీళ్ళు తెచ్చిచ్చాను. అతను అందులో ఆ నూనె నాలుగు చుక్కలు వేసి వెలుతురుకి పెట్టాడు.

"అసలైన బ్రేకు ఆయిలయితే నీళ్ళల్లో కలిసిపోద్ది. ఇది చూడండి, మజ్జిగ మీద వెన్నలాగా ఎట్టా తేల్తందో. ఇది ట్రాక్టరు ఆయిలు. దీన్ని బ్రేకుల్లో పోసిందెవరండీ?"

"నేను పోయలా" అన్నాడు మా ఆయన, బుడేతో.

"పోయినసారి" అన్నాడు కోటేష్, అతనూ బుడేతోనే, "పుష్యంలో నా దగ్గరున్నప్పుడు కాస్త తగ్గితే నేనే పోశా. కానీ నేను పోసింది బ్రేకు ఆయిలే. నాన్న డబ్బాలోదే. అదిగో, ఆ పసుప్పచ్చ డబ్బా. నాన్న ఎప్పుడూ అందులోదే పోసేవాడు."

బుడే వెళ్ళి అటక మీద నుంచి ఆ డబ్బా దించి వాసన చూశాడు.

"ఇందులో ఉంది ట్రాక్టరు ఆయిలేగా?"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాన్న పోయాక ఆ డబ్బా ఖాళీ అయింది. మంచి డబ్బా గదా, పారెయ్యడం ఎందుకని ట్రాక్టరుకి తెచ్చిన ఆయిలు అందులో పోసిపెట్టా."

బుడే డబ్బా కింద పెట్టి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నవ్వు ఆపుకోవడానికి మీసం దువ్వుకున్నాడు.

"ఒకాయన డబ్బాలో ఆయిలు మార్చారు. ఒకాయన డబ్బాని నమ్మి పోశారు. మధ్యలో ఒక్క మాట అనుకుని ఉంటే నాకీ బేరం తగిలేది కాదు. దేవుడు నా మీద దయ చూపించాడు."

వాళ్ళిద్దరూ నవ్వలేదు. నేను మాత్రం పైట నోటికి అడ్డం పెట్టుకున్నాను.

బుడే చక్రాలు విప్పాడు. లోపల రబ్బర్లన్నీ రాత్రంతా నానబెట్టిన శనగల్లా ఉబ్బిపోయి ఉన్నాయి. ట్రాక్టరు ఆయిలు ఈ రబ్బర్లకి పడదట. వెనక చక్రంలో ఒక రబ్బరు చీలి ఆయిలు సన్నగా చెమ్మగిల్లడం మొదలైంది. కారుకి ముందు చక్రాలకో గొట్టం, వెనక చక్రాలకో గొట్టం వేరేగా ఉంటాయనీ, రెండింటి నడిమిన వేలెడంత ఇత్తడి ముక్క ఒకటి ఉంటుందనీ, ఏదో ఒక పక్క బలం తగ్గితే ఆ ముక్క అటు జరిగిపోయి దీపం వెలిగిస్తుందనీ బుడే వివరించాడు. "ఒక పక్క చెడినా రెండో పక్క బండిని ఆపుద్ది. ఆపింది కాబట్టే మీరు అమరావతి నుంచి ఇంటికి వచ్చారు" అన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను మనసులోనే శివుడికి లెంపలేసుకున్నాను.

కొత్త రబ్బర్లు వెతకడానికి బుడే విజయవాడ ఆటోనగర్ అంతా తిరిగాడట. చివరికి పాత జీపువి కొన్ని సరిపోయాయి. అతను అవి తెచ్చి బిగించేలోపు ఇక్కడ కోతలు ముమ్మరం అయ్యాయి. కల్లంలో మిరపకాయలు పరిచి, ఎండకి తిప్పుతూ, మబ్బు కనిపిస్తే పట్టాలు కప్పడానికి పరిగెడుతూ, తుమ్ముతూ, తిట్టుకుంటూ రోజులు నడిచాయి. కొట్టం వెనకాలే మా కల్లం, వాళ్ళ కల్లం పక్కపక్కనే. మధ్యలో ఒక గట్టు. నాగేంద్రం గట్టుకి అటు, నేను ఇటు. ఇద్దరం ఒకే వరసలో కాయలు తిప్పుకుంటూ వెళ్ళేవాళ్ళం. దాని పక్కన ఇలా నడవడం ఇదే ఆఖరి ఏడేమోనని తలుచుకుంటే నా కాళ్ళు సాగేవి కావు. నిజం చెప్పాలంటే, ఆ దీపం ఆరకుండా ఉంటే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను. బ్రేకులు బాగవ్వాలి, దీపం మాత్రం ఆరకూడదు. అలాంటి మొక్కు ఆయన ఇంతకుముందు విని ఉండడు.

రబ్బర్లన్నీ వేసి, పాత ఆయిలంతా కడిగి, కొత్త ఆయిలు పోసిన రోజున బుడేకి ఫోనొచ్చింది. మిరప టిక్కీల లోడుతో గుంటూరు వెళ్తున్న ట్రాక్టరు ఒకటి దారిలో ఆగిపోయిందట. సంచీ సర్దుకుంటూ అన్నదమ్ములకి చెప్పాడు.

"గొట్టాల్లో గాలుంది, అది తియ్యాలి. దానికి మెకానిక్కు అక్కర్లా, ఇద్దరు మనుషులు చాలు. ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కి పట్టుకోవాలి. ఒకరు చక్రం దగ్గరున్న ఈ చిన్న మర, నిపులు, వదులు చెయ్యాలి. దానికి గొట్టంతో తగిలించిన సీసాలోకి గాలి బుడగలు వస్తాయి. నిపులు బిగించాక పైనున్నాయన కాలు తియ్యాలి. బిగించకముందే తీశారో, పోయిన గాలంతా మళ్ళీ లోపలికే. నాలుగు చక్రాలకీ అంతే. మధ్యమధ్యలో ఆయిలు పోస్తా ఉండండి, ఈసారి సీలున్న సీసాలోది."

అతను బండెక్కి వెళ్ళిపోయాడు. పక్కన ఇంకో మనిషిని పెట్టి వెళ్ళొచ్చు. పెట్టలేదు. అది తొందరో, జాణతనమో నాకు ఈనాటికీ తెలియదు.

కోటేష్ లోపల కూర్చున్నాడు. మా ఆయన వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఇద్దరికీ మధ్య నాలుగడుగుల దూరం కూడా లేదు.

"తొక్కమను" అన్నాడు మా ఆయన నాతో.

"తొక్కమంటున్నాడు" అన్నాను కోటేష్‌తో.

"తొక్కానని చెప్పు వదినా."

"తొక్కాడంట."

మా ఆయన నిపులు తిప్పాడు. సీసాలో బుడగలు వచ్చాయి. ఇంతలో పెడలు అడుక్కి పోయింది. "కాలు తియ్యమాకని చెప్పు" అని మా ఆయన అనేలోపు, నేను ఆ మాట అందించేలోపు, అది నా నోట్లోనే ఉండగా కోటేష్ కాలు తీసేశాడు. సీసాలోకి వచ్చిన బుడగలు వచ్చిన దారినే పోయాయి. మళ్ళీ మొదలు. మళ్ళీ అదే తంతు. అన్న నోట్లోంచి వచ్చిన మాట తమ్ముడికి వినబడుతూనే ఉంటుంది, కానీ నేను చెప్పిందాకా కాలు కదలదు. తమ్ముడు పలికింది అన్నకి తెలుస్తూనే ఉంటుంది, నేను అనేదాకా చెయ్యి కదలదు. ఎండ నెత్తిమీదికొచ్చింది. ఇద్దరి చొక్కాలూ తడిసి ముద్దయ్యాయి. ఒక్క చక్రం కూడా కాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నాకు కల్లంలో పనుంది. కూలీలు తాలుకాయలు మంచికాయల్లో కలిపేస్తన్నారు" అని లేచాను.

"ఇప్పుడేనా? ఇది అయిందాకా ఆగు" అన్నాడు మా ఆయన.

"ఇది సాయంత్రానికి కూడా అవ్వదు. నేను పోతన్నా."

కూలీలు ఏమీ కలపడం లేదు. అప్పుడు కల్లంలో నాగేంద్రం ఒక్కతే ఉంది. నేను గట్టు దాటి దాని పక్కకి వెళ్ళి నిలబడ్డాను. "ఏమైందక్కా?" అంటే మాట్లాడవద్దని సైగ చేశాను. కొట్టం వైపు చెవులు పెట్టాం ఇద్దరం.

చాలాసేపు ఏమీ వినపడలేదు. నిపులు తిప్పే పాన నేల మీద పడిన చప్పుడు ఒకసారి. ఎవరో దగ్గారు. ఇంక లాభం లేదు, ఇద్దరిలో ఎవరో ఒకరు లేచి వెళ్ళిపోతారు అనుకున్నాను.

"తొక్కు."

మా ఆయన గొంతు. నాతో అన్నది కాదు.

నాగేంద్రం చేతిలో చేట ఆగిపోయింది.

"తొక్కా."

"వదలమాక."

"వదల్లా."

"పోయిందాకా పట్టు... పట్టు... బిగించా. ఇప్పుడు వదులు."

"వదిలా. ఇంకోసారి?"

"ఇంకోసారి."

నాగేంద్రం నా చెయ్యి పట్టుకుంది. రెండేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఆ రెండు గొంతులూ ఒకదాని వెంట ఒకటి వినిపించాయి. అవి ప్రేమ మాటలు కావు, పొలం మాటలు కూడా కావు. తొక్కు, పట్టు, వదులు, అంతే. అయినా మేమిద్దరం అక్కడ నిలబడి ఏడ్చాం. మిరపకాయల ఘాటుకి ఎవరి కళ్ళయినా నీళ్ళు కారతాయి కాబట్టి ఎవరికీ సంజాయిషీ చెప్పాల్సిన పని పడలేదు.

సాయంత్రానికి నాలుగు చక్రాలూ అయ్యాయి. మర్నాడు బుడే వచ్చి కారుని ఊరి చివరిదాకా నడిపి చూశాడు. "బ్రేకులు రాయిలాగున్నాయి. నాకంటే బాగా చేశారు" అన్నాడు. కానీ దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. దేవుడు నా మొక్కు విన్నాడా అనుకున్నాను.

"ఇది జబ్బు కాదండీ, జబ్బు తగ్గాక మిగిలిన నీరసం" అన్నాడు బుడే. "అప్పుడు ఒక పక్కకి జరిగిన ఇత్తడి ముక్క దానంతట అది నడిమికి రాదు. మనమే తేవాలి. ముందు చక్రం నిపులొకటి వదులు చేసి, పెడలు మెల్లగా, మరీ మెల్లగా నొక్కాలి. ముక్క జరిగి నడిమికొచ్చిన క్షణాన దీపం ఆరిపోద్ది. అక్కడే ఆపాలి. ఇంకాస్త నొక్కితే ఆ పక్కకి పోయి మళ్ళీ వెలుగుద్ది." పాన అందుకోబోయాడు.

"మేం చేసుకుంటాంలే. నువ్వెళ్ళు" అన్నాడు మా ఆయన.

"మేం చూసుకుంటాం" అన్నాడు కోటేష్ కూడా.

చూసుకోలేదు. ఒకరోజు కూలీలు రాలేదన్నారు. ఒకరోజు మబ్బేసిందన్నారు. ఒకరోజు మంచి రోజు కాదన్నారు. ఎద్దుల్లా పని చేసే ఇద్దరు మగాళ్ళకి, కాసేపట్లో అయిపోయే పని చేయడానికి తీరిక దొరకలేదు. ఇద్దరూ ఒకరితో ఒకరు ఆ విషయం ఎత్తలేదు. నేను నాగేంద్రంతో అన్నాను, "వీళ్ళిద్దరికీ కారు అమ్మడం ఇష్టం లేదే" అని. "అయినా మాటిచ్చారుగా అక్కా" అంది అది, దిగులుగా.

ఉగాది ఇంకా వారం ఉందనగా హైదరాబాదు ఆయన వచ్చాడు. తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు, మెత్తటి మాట. కారు చుట్టూ తిరిగి మురిసిపోయాడు. బానెట్టు మీద చెయ్యి వేసి, గుర్రాన్ని నిమిరినట్టు నిమిరాడు. లోపల కూర్చుని తాళం తిప్పగానే ఎర్ర దీపం వెలిగింది. ఇంజను అందుకుంది, దీపం ఆరలేదు.

"బ్రేకు లైటు వెలుగుతోందేమిటండీ? బాగు చేయించామన్నారు కదా?"

కోటేష్ నోరు తెరిచాడు. నేనూ నాగేంద్రమూ గోడకి చెరోవైపు నిలబడి చూస్తున్నాం. నిజం చెబితే చాలు. పాన ఒకటి, కాస్త ఓపిక, కారు వెళ్ళిపోతుంది. కోటేష్ అన్న వైపు చూశాడు. పొలం వాటాలు కోరుకున్న రోజు చూడని చూపేదో, ఇప్పుడు చూశాడు.

"చేయించామండీ" అన్నాడు మా ఆయన. "మెకానిక్కు చెయ్యగలిగిందంతా చేశాడు. ఆ దీపం ఆరట్లా. బ్రేకుల మీద నాకైతే నమ్మకం లేదు."

"నాకూ లేదండీ" అన్నాడు కోటేష్ వెంటనే. "మొన్న గేదె అడ్డమొస్తే బండి ఆగలా. గేదే ఆగింది."

"గేదెకి బుద్ధుంది కాబట్టి సరిపోయింది" అన్నాడు మా ఆయన.

"మీలాంటి పెద్దమనిషిని ఇందులో హైదరాబాదు దాకా పంపించి, దారిలో ఏదన్నా అయితే ఆ పాపం మాకెందుకండీ."

హైదరాబాదు ఆయన మెల్లగా దిగాడు. కాఫీ తాగాడు. పూర్తిగా బాగయ్యాక కబురు చేయమని నంబరు ఇచ్చి వెళ్ళాడు. ఆయన కారు మలుపు తిరిగిందాకా అన్నదమ్ములిద్దరూ చేతులు కట్టుకుని ఎంతో బాధగా నిలబడ్డారు. మలుపు తిరిగాక మా ఆయనకి మొదట దగ్గొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. కోటేష్ కొట్టం గుంజ పట్టుకుని కూలబడిపోయాడు. "గేదే ఆగింది" అని ఒకడు, "బుద్ధుంది" అని ఒకడు. అంత చెత్త హాస్యానికి అంతసేపు నవ్విన మనుషుల్ని నేను ఎక్కడా చూడలేదు.

నవ్వు అయ్యాక మా ఆయన పాన తీసుకుని ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. కోటేష్ లోపల కూర్చున్నాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

"మెల్లగా."

"మెల్లగానే."

"ఇంకొంచెం."

"ఇంకొంచెం... అన్నా, ఆరింది! ఆరింది, బిగించు!"

మా ఆయన బిగించాడు. చేతులు తుడుచుకున్నాడు గానీ లేవలేదు. చక్రం వైపే చూస్తూ అడిగాడు.

"రాయచూరు ఎప్పుడు?"

"వైశాఖంలో. మాటిచ్చేశాగా."

"ఎంత పొలం?"

"ఇక్కడున్న దానికి రెండింతలు."

"ఒక్కడివే చెయ్యగలవా?"

కోటేష్ స్టీరింగు పట్టుకుని, ఆరిపోయిన దీపం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"భయమేస్తందన్నా. భాష రాదు. నేల కొత్త. పొద్దున లేస్తే ఇయ్యాల ఏం చేద్దామని అడగటానికి ఎవరూ ఉండరు. వేరుపడ్డాక కూడా, నువ్వు నీళ్ళు పెట్టింది చూసి నేను పెట్టేవాణ్ణి. నువ్వు మందు కొట్టింది చూసి నేను కొట్టేవాణ్ణి. అక్కడ ఎవర్ని చూడను?"

మా ఆయన నేల మీద పానతో గీతలు గీశాడు. చాలాసేపు గీశాడు.

"మొదటి పంట చేతికొచ్చిందాకా నేను వస్తా. నాగేంద్రాన్ని ఆ రేకుల షెడ్లలోకి ఎందుకు లాక్కెళ్ళడం? అక్క దగ్గరే ఉంటది. ఇక్కడి రెండు చేలూ వీళ్ళిద్దరూ చూసుకుంటారు, మనకంటే నయంగా."

"వదిన ఒప్పుకుంటదా?"

ఇద్దరూ తలలు తిప్పి నా వైపు చూశారు. పెళ్ళయిన నాటి నుంచీ నన్ను వదిలి ఒక్క పూట కూడా ఉండని మనిషి, నా చేతి కూర తప్ప ఏ హోటలు కూరకైనా వంకలు పెట్టే మనిషి, భాష రాని ఊళ్ళో నెలల తరబడి ఉంటానంటున్నాడు. ఏ పెళ్ళామైనా కళ్ళనీళ్ళు పెట్టుకోవాలి. నువ్వెళ్తే నేనెట్టాగయ్యా అనాలి. ఉత్త మాటకైనా ఒకసారి వద్దనాలి. నాగేంద్రం అప్పటికి గోడ చుట్టూ తిరిగొచ్చి నా పక్కన నిలబడింది. చిన్నప్పుడు జాతరలో తప్పిపోతానేమోనని పట్టుకున్నట్టు నా పైట కొంగు గట్టిగా పట్టుకుంది.

"ఎప్పుడు బయల్దేరతారు?" అన్నాను.

ఆ ఒక్క మాటకి మా ఆయన నన్ను ఈనాటికీ పదిమందిలో దెప్పుతూనే ఉంటాడు. దెప్పనీ. నా చెల్లెలు నాకు దక్కింది.